బెల్లం ముక్క కరిగేదాకా

త్రినాధరావు ఏ పుస్తకాన్నయినా ముందు చేత్తో తూచి చూస్తాడు. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టకముందు ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. అంతకు ముందు అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేశాడు. అక్కడి అలవాటు ఇక్కడా పోలేదు. బరువుంటే మంచి పుస్తకం, తేలిపోతే చెత్త. ఆ రోజు హైదరాబాదు నుంచి కొరియర్లో వచ్చిన గైడును అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి, "గట్టి సరుకేనమ్మా" అంటూ, అక్కడ పాఠాలు చెప్పే సుజి బల్ల మీద పెట్టాడు.

'తెలుగులో జావా సర్టిఫికేషన్ గైడ్' అని ఉంది అట్ట మీద. దాని కింద రచయిత పేరు: రోనాల్డ్, బి.ఎస్సీ. ఇంకా కింద, అమీర్‌పేట, హైదరాబాదు.

సుజి ఆ పేరు చదివింది. ఇంకోసారి చదివింది. అక్కడ కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ లేదు, అయినా మూడోసారి కూడా చదివింది.

"మన రోనాల్డేనమ్మా," అన్నాడు త్రినాధరావు కుర్చీ లాక్కుంటూ. "ఫోన్ సేసేడు. బుక్కు మనకి నచ్చితే బ్యాచ్ మొత్తానికీ తీసుకోమన్నాడు. తీసుకుంటే తనే వచ్చి పది రోజులు క్లాసులు సెప్తాడట. రైటరే స్వయంగా వత్తన్నాడని రోడ్డు మీద బోర్డు కట్టించేద్దాం. నువ్వు బాగుందంటే బాగున్నట్టు, లేదంటే లేనట్టు. ఈ విషయంలో నేను వేలు పెట్టను."

ఫ్యాను రెగ్యులేటరు దగ్గర్నుంచి పిల్లల ప్రేమ వ్యవహారాల దాకా అన్నింట్లోనూ వేలు పెట్టే మనిషి, సరిగ్గా ఇందులోనే పెట్టనన్నాడు. అలా అని సుజి నెత్తిన ఎంత పెద్ద బండ పెట్టాడో ఆయనకు తెలియదు. ఆమె బాగుందంటే రోనాల్డ్ వస్తాడు. బాగాలేదంటే రాడు. నాలుగేళ్ళుగా ఆ అమ్మాయి కోరుకుంటున్న ఒకే ఒక్క సంగతి ఆమె నోటి మాట మీదకే వచ్చి ఆగింది. అదీ ఒక గైడు గురించి చెప్పాల్సిన మాట మీద. పైనున్నవాడికి అప్పుడప్పుడు వేళాకోళం ఎక్కువవుతుంది.

ఇది రెండు వేల ఐదు నాటి సంగతి. డిగ్రీ పూర్తయి ఉద్యోగం రానివాళ్ళందరూ జావా అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటున్న రోజులు. సర్టిఫికేషన్ పరీక్ష పాసైతే హైదరాబాదులో కుర్చీ వేసి కూర్చోబెడతారని అనకాపల్లిలో ఒక నమ్మకం. సుజి ఎం.సి.ఎ. చదివింది. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్పడం మొదలుపెట్టిన కొత్తలోనే రోనాల్డ్ టైపూ, ఆఫీసు ప్యాకేజీలూ చెప్పడానికి అక్కడ చేరాడు. ఇద్దరిదీ ఒకటే చర్చి, ఒకటే క్వయర్. ఆ చర్చిలో మైకు కూడా ఒకటే. అతను పాడేటప్పుడు ఈమె పక్కన నిలబడేది, ఈమె వంతు రాగానే అతను మైకు అందించి వెనక్కి జరిగేవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట బ్యాచీలు ఉండవు. ఆ గంటలో రోనాల్డ్ మూల కంప్యూటర్ మిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. సుజి అతనికి జావా చెప్పేది. రోజుకు కొంచెం, మొదటి నుంచి. అతనికి ఒక పట్టాన ఎక్కేది కాదు. ఎక్కేదాకా అడిగేవాడు. అలా అడిగేవాడికి చెప్పడంలో ఉన్న సుఖం చెప్పేవాళ్ళకే తెలుస్తుంది. సుజికి అప్పుడే తెలిసింది, బాగా తెలిసింది.

తర్వాత ఒకరోజు హైదరాబాదు నుంచి స్నేహితుడి ఫోను. ఉద్యోగం ఉంది, వెంటనే రావాలి. ఆ సాయంత్రమే రోనాల్డ్ గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాడు. వెళ్ళేముందు ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద నిలబడి, "మిగతాది వచ్చేక చెబుదువుగాని సుజీ" అన్నాడు. "సరే" అంది సుజి. మర్నాడు చెప్పాల్సిన పాఠం ఆమె తయారు చేసుకుని ఉంచింది. అది అలాగే ఉండిపోయింది. ప్రేమ అన్న మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. రెండు క్రిస్మస్‌లకి ఫోన్ చేశాడు, మూడో క్రిస్మస్‌కి చేయలేదు. సుజికి సంబంధాలు వచ్చాయి. ఒకతను పొడుగెక్కువంది, ఇంకొకతను మాట తక్కువంది. తల్లి స్వర్ణకుమారి కొన్నాళ్ళు పోరి, ఇక ప్రార్థన మీద భారం వేసి ఊరుకుంది.

సరే, గైడు సంగతికి వద్దాం.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక సుజి వరండాలో కూర్చుని పుస్తకం తెరిచింది. మొదటి అధ్యాయం, రెండో అధ్యాయం. మూడో అధ్యాయంలో అర్రేల దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. "కశింకోట షేర్ ఆటోలో ఎంతమంది వచ్చినా డ్రైవరు సర్దేస్తాడు. జావా అర్రే సర్దదు. పది సీట్లన్నావా, పదకొండోవాడు ఎక్కగానే ఆటో అక్కడే ఆగిపోతుంది" అని రాశాడు. ఆ మాట సుజిది. అక్షరం పొల్లుపోకుండా సుజిదే. మూల మిషన్ దగ్గర, అతను పదోసారి అదే తప్పు చేసినప్పుడు, విసుగొచ్చి అన్న మాట. ఇంకొంచెం ముందుకు వెళ్తే, మధ్యలో తప్పొస్తే ఏం చేయాలో చెప్పే ఎక్సెప్షన్స్ అధ్యాయంలో 'ఫైనల్లీ' గురించి ఉంది. "చర్చి సంఘం మీటింగులో దెబ్బలాట జరగనీ, జరగకపోనీ, చివర్లో ఆశీర్వాదం మాత్రం చెప్పే పంపిస్తారు. ఫైనల్లీ అంటే ఆ ఆశీర్వాదం." అదీ సుజిదే.

ఇంకెవరైనా అయితే నా మాటలు దొంగిలించి అచ్చేసుకున్నాడని మండిపడేవారు. ఈ పిచ్చిపిల్ల మురిసిపోయింది. నాలుగేళ్ళు దాచుకున్నాడు, ఒక్క మాట పారేయలేదు అనుకుంది. ప్రతి ప్రశ్న కిందా ఏ జవాబు ఒప్పో ఉంది, మిగతావి ఎందుకు తప్పో కూడా ఉంది. అది కూడా ఆమె పద్ధతే. తప్పు ఎందుకు తప్పో చెప్పని పుస్తకం చదవడం దండగని అతనికి నేర్పింది తనే. పేజీలు తిప్పుతూ, తిప్పుతూ, తెలియకుండానే ఇంకొకటి కూడా వెతకడం మొదలుపెట్టింది. ముందుమాటలో తన పేరు ఉందా? లేదు. ప్రోగ్రాముల్లో ఎక్కడైనా? రామయ్య ఉన్నాడు, సత్తియ్య ఉన్నాడు, అప్పలనర్సమ్మ ఉంది. సుజి లేదు.

"ఏటే అది? బైబిలు కూడా అంత నిష్ఠగా చదవవు," అంది స్వర్ణకుమారి లోపల్నుంచి.

"కొత్త గైడమ్మా. బాగుందో లేదో చూడాలి."

"మరి బాగుందా?"

"బాగుంది," అంది సుజి. ఆ మాట ఇంట్లో అనడానికి ఏమీ అడ్డు రాలేదు. అప్పటికి సగమే చదివింది.

ఇన్‌స్టిట్యూట్‌లో మాత్రం ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి పెట్టింది కూడా రోనాల్డే. కొత్త గైడు ఏది వచ్చినా, బ్యాచ్‌లో అందరికంటే వెనకబడ్డ స్టూడెంటును మూల మిషన్ దగ్గర కూర్చోబెట్టి, ఆ గైడు చేతికివ్వాలి. టీచరు పక్కన స్టూలు మీద కూర్చోవాలి, నోరు మెదపకూడదు. స్టూడెంటు తనంతట తాను పాఠం అర్థం చేసుకుని, ప్రోగ్రాము రాసి, నడిపిస్తే పుస్తకం పాసైనట్టు. ఎక్కడ టీచరు నోరు విప్పాల్సి వచ్చిందో అక్కడ పుస్తకం తప్పినట్టు. చెప్పడం అలవాటైన మనిషికి ఊరుకోవడమంటే ప్రాణసంకటం. మొదట్లో సుజి ప్రతిసారీ ఓడిపోయేది. "బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవాలంటే ముందు బెల్లం ఉండాలి కదా," అని రోనాల్డ్ ఓ రోజు మార్కెట్ నుంచి పెద్ద ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. బుగ్గన పెట్టుకుంటే కరిగేదాకా మాట రాదు. అప్పటి నుంచి ఆ పరీక్షకు బెల్లం గంట అని పేరొచ్చింది. అతను వెళ్ళిపోయినా బెల్లం గంట మిగిలింది.

ఈసారి పరీక్షకు కూర్చున్నది కుమారి. కశింకోట అవతల ఏదో ఊరు, చెరకు పండించే ఇల్లు. తెలుగు మీడియంలో డిగ్రీ చదివింది, ఇంగ్లీషు పుస్తకం చూస్తే చెమటలు పడతాయి. సర్టిఫికేషన్ ఫీజు కట్టడానికి ఇంట్లో ఒకసారికి ఒప్పించుకుంది. రెండోసారి అడిగే ధైర్యం తనకు లేదని సుజితో ముందే చెప్పింది. ఈ పుస్తకం నమ్ముకుని వైజాగ్ వెళ్ళి తప్పిందంటే, ఇక ఆ పిల్ల జావా కథ అయిపోయినట్టే.

సుజి బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంది. కుమారి గైడు తెరిచింది.

అర్రేల దగ్గర కుమారి ఫక్కున నవ్వింది. "మా ఆటో గురించేనండి!" అంది. ప్రోగ్రాము రాసింది, పదకొండోవాణ్ణి ఎక్కించింది, ఆటో ఆగింది. ఎక్సెప్షన్స్ కూడా తనే రాసుకుంది, తనే నడిపించుకుంది. సుజికి ఒక్కసారి కూడా నోరు విప్పాలనిపించలేదు. బెల్లం నెమ్మదిగా కరుగుతోంది. పాసైపోతుంది, పుస్తకం పాసైపోతుంది, అతను వస్తాడు అనుకుంటూ కూర్చుంది.

తర్వాతి అధ్యాయం థ్రెడ్స్, ఒకేసారి నడిచే పనుల గురించి. కుమారి పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. మొహంలో నవ్వు పోయింది.

అక్కడి నుంచి పుస్తకమే వేరు. షేర్ ఆటోలు లేవు, సత్తియ్య లేడు, అప్పలనర్సమ్మ లేదు. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, కింద 'ఆన్సర్: సి' అని మాత్రం ఉంది. ఇంకో ప్రశ్న, 'ఆన్సర్: ఎ'. ఎందుకు ఎ, ఎందుకు బి కాదు అన్నది లేదు. అచ్చు కూడా మరీ చిన్నది. పుస్తకం బరువంతా ఇక్కడే ఉంది.

"స్లీపంటే ఏటండి? వెయిటంటే ఏటండి? రెండూ ఆగిపోడవే కదా? మరి ఇక్కడ 'సి' అని ఎందుకొచ్చింది మేడం?"

సుజి తల అడ్డంగా ఊపింది. కుమారి మళ్ళీ చదివింది, మళ్ళీ చదివింది, పెదవులు కదుపుతూ. చివరికి, "పోన్లెండి, సి అని బట్టీ పట్టేత్తాను" అంది.

ఆ మాటకు సుజి పళ్ళ మధ్య బెల్లం పటుక్కుమంది. నమిలేసింది, మింగేసింది.

"బట్టీ పట్టకు. ఇలా చూడు. చర్చిలో ఒక్కటే మైకు ఉంది, పాడేవాళ్ళు ఇద్దరున్నారు. మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పాడాలి. స్లీపంటే ఏటి? మైకు పట్టుకునే కునుకు తీయడం. వాడూ పాడడు, రెండోవాణ్ణీ పాడనివ్వడు. వెయిటంటే అది కాదు. మైకు రెండోవాళ్ళకి ఇచ్చేసి, పక్కన కూర్చోవడం. వాళ్ళు పాడుకున్నాక, ఇక నువ్వు రా అని పిలుస్తారు. అదే నోటిఫై. అప్పుడు లేచి వెళ్ళాలి."

కుమారి కళ్ళు పెద్దవి చేసుకుని వింది. "ఎవులూ పిలవకపోతేనో?"

కథలో సరిగ్గా ఇలాంటి చోట ఇలాంటి ప్రశ్న రావడమేమిటని ఎవరైనా సన్నాయి నొక్కులు నొక్కితే నేనేం చేయలేను. సిలబస్ అలా ఉంది.

"ఎవరూ పిలవకపోతే అలా కూర్చునే ఉంటుంది," అంది సుజి. "ఇంతసేపే చూస్తానని ముందే టైము పెట్టుకుని కూర్చునేవి కూడా ఉన్నాయి. అది తెలివైన పద్ధతి."

చెబుతూ చెబుతూ ఉండగా సుజికి తన గొంతు తనకే వినిపించింది. ఈ మైకు, ఈ క్వయర్, పక్కన కూర్చోవడం, ఇవేవీ ఇప్పుడు తోచినవి కావు. ఇది ఆ మర్నాటి పాఠం. అతను గోదావరి ఎక్కిన సాయంత్రానికి ఆమె తయారు చేసి ఉంచుకున్న పాఠం ఇదే. అతనికి చెబితే ఎలా నవ్వుతాడో కూడా అప్పుడు ఊహించుకుంది. ఇన్నేళ్ళలో ఏ బ్యాచ్‌కీ ఇలా చెప్పలేదు. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు చెప్పేసి ఊరుకునేది. ఆమెకు ఏడుపొచ్చింది. కుమారి చూడకుండా కిటికీ వైపు తిరిగింది. కింద రోడ్డు మీద సబ్బవరం బస్సు హారన్ కొడుతూ పోయింది.

ఆ తర్వాత మిగతా ప్రశ్నలన్నీ అలాగే అయ్యాయి. కుమారి తడబడితే సుజి చెప్పేసింది. తడబడకముందే చెప్పేసింది. గంట అయ్యేసరికి కుమారి థ్రెడ్స్ ప్రోగ్రాము నడిపించేసి, మొహం తుడుచుకుని సంబరంగా లేచింది.

"బుక్కు సాలా బాగుంది మేడం," అంది. "మీరు పక్కనుంటే."

ఆ పిల్ల ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నమాట అనేసి, పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. సుజి మాత్రం ఆ స్టూలు మీదే కూర్చుండిపోయింది. ఆ గదిలో దొంగ ఎవరో ఆమెకు తెలుసు. బెల్లం గంటలో నోరు విప్పింది, పుస్తకాన్ని చేత్తో పట్టుకుని ఒడ్డెక్కించింది, అతను రావాలని. రేపు వైజాగ్‌లో పరీక్ష హాల్లో కుమారి పక్కన స్టూలు ఉండదు. ఉన్నా దాని మీద సుజి ఉండదు.

రెండో సగంలో ఉన్న ప్రశ్నల్ని మిషన్ మీద నడిపించి చూసింది. కొన్ని జవాబులు తప్పు కూడా. ఒప్పయితే బాగుండునని ఒకదాన్ని రెండుసార్లు నడిపించింది. రెండుసార్లూ తప్పే వచ్చింది.

మర్నాడు త్రినాధరావు అడిగాడు. "ఏటమ్మా, బోర్డు రాయించీమంటావా?"

"సగం బాగుంది సార్. సగం బాగులేదు."

"సగం బాగుందంటే పాసే కదమ్మా. మనకి ముప్పై అయిదే కదా పాసు మార్కు." ఆయన జోకుకు ఆయనే నవ్వాడు. "మిగతా సగం నువ్వు పక్కనుండి సెప్పేత్తావు కదా?"

సుజి ఒక్క క్షణం ఆశపడింది. నిజమే కదా, చెప్పేస్తుంది కదా, తలూపితే చాలు కదా. ఒప్పుకోవడానికి ఆ దారి చక్కగా ఊడ్చి ముగ్గేసినట్టుంది. ఆ క్షణంలో కుమారి మొహం కళ్ళముందు మెదలకపోతే ఏమనేదో ఆమెకే తెలియదు.

"వద్దు సార్," అంది. "పిల్లలు దాన్ని నమ్మి పరీక్షకి వెళ్తారు. తప్పుతారు. నేను బాగుందని చెప్పలేను."

త్రినాధరావు ఆమె మొహంలోకి చూశాడు. ఏం కనబడిందో, ఫోను ముందుకు లాక్కుని నంబరు నొక్కి, స్పీకర్ పెట్టాడు. "మరయితే నువ్వే సెప్పు. నేను సెప్తే బాగోదు."

అలా, నాలుగేళ్ళ తర్వాత రోనాల్డ్ గొంతు ఆ గదిలోకి వచ్చింది. వెనక ఏదో రోడ్డు, ఏవో హారన్లు.

"నేను, సుజిని."

"సుజీ! బాగున్నావా?"

"బాగున్నాను. నీ బుక్కు చూసేను."

"ఎలాగుంది?"

"ఎక్సెప్షన్స్ దాకా మంచి బుక్కు. నేను చూసినవాటన్నింట్లోకీ మంచిది. థ్రెడ్స్ నుంచి అసలు బుక్కే కాదు. ఆన్సర్ ఉంది, ఎందుకో లేదు. కొన్ని తప్పులు కూడా. రన్ చేసి చూసేవా?"

"లేదు."

"ఎక్కడివవి?"

"ఇక్కడ జెరాక్సు షాపుల్లో అమ్ముతారు, ప్రశ్నలు, జవాబులు. పబ్లిషరు లావు పుస్తకం కావాలన్నాడు. సన్నంగా ఉంటే ఎవరూ కొనరంట."

త్రినాధరావు దగ్గాడు. అరచేతిని ఒకసారి చూసుకున్నాడు.

"మొదట్లో అంత బాగా రాసినవాడివి, అక్కడికొచ్చేసరికి ఏటయింది రోనాల్డ్?"

"నీకు తెలీదా?" అన్నాడు అతను. "నువ్వు ఎక్కడిదాకా చెప్పేవో అక్కడిదాకా రాసేను. ఆ తర్వాతది నాకు ఎవరూ చెప్పలేదు సుజీ."

త్రినాధరావు లేచి, "టీ సెప్పొత్తాను" అని బయటికి వెళ్ళిపోయాడు. టీ కుర్రాడు అప్పుడే ఇచ్చి వెళ్ళిన గ్లాసులు బల్ల మీద పొగలు కక్కుతున్నాయి.

"పుస్తకం తీసుకోవడం లేదు మేము," అంది సుజి. "నువ్వు క్లాసులకి రానక్కర్లేదు."

"అర్థమైంది. మిగతాది ఇప్పుడు చెప్పకూడదేటి? ఫోన్లోనే, రోజుకి కొంచెం" అన్నాడు.

రోజూ ఆ గొంతు వినొచ్చు. అవుననడానికి ఆమె నోరు తెరిచింది కూడా. కానీ ఆమెకు కావాల్సింది గొంతు కాదు. అతను అలా అడగగానే ఆ సంగతి తెలిసింది.

"అది ఫోన్లో చెప్పేది కాదు. మిషన్ పక్కన కూర్చోవాలి, తప్పు చేయాలి, నేను తిట్టాలి. వచ్చి కూర్చో. స్టూలు అలాగే ఉంది."

"రైటర్ని కదా, స్టూలేటి, కుర్చీ వెయ్యవా?" నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. అతనూ ఆపేశాడు. "చూస్తాను సుజీ."

చూస్తాను అన్న మాట మన వైపు ఎవరూ నిజంగా చూడ్డానికి వాడరు. అది సుజికి తెలుసు. అయినా ఆ తర్వాత చాలా రోజులు మధ్యాహ్నం గంటలో ఎవర్నీ ఆ స్టూలు మీద కూర్చోనివ్వలేదు. కాలు విరిగిందని చెప్పింది. స్టూలు కాలు భేషుగ్గా ఉంది.

కుమారికి పాత ఇంగ్లీషు పుస్తకం నుంచే, పేజీ పేజీ, తెలుగులో చెప్పింది. కుమారి వైజాగ్ వెళ్ళి రాసి పాసై వచ్చి, కశింకోట ఆటో దిగి మెట్లు మూడేసి చొప్పున ఎక్కొచ్చింది. "థ్రెడ్స్‌లో అడిగినవన్నీ వచ్చేసినాయి మేడం, మైకు గుర్తు పెట్టుకున్నాను!" అని సుజి చేతులు పట్టుకుని ఊపేసింది. సుజి సంతోషపడింది. ఇంటికెళ్ళేదారిలో మాత్రం, ఆ మైకు సంగతి వినాల్సినవాడు ఇంకా వినలేదు కదా అనుకుంది.

మళ్ళీ బెల్లం మార్కెట్లో కొత్త బెల్లం దిగే రోజులకి ఇంకో కొరియర్ వచ్చింది. అదే గైడు, అదే పేరు. త్రినాధరావు అరచేతిలో పెట్టి ఎగరేశాడు. మొహం చిట్లించాడు.

"తేలిపోతోందమ్మా. సగమే ఉంది."

పబ్లిషరు పేరు లేదు ఈసారి. తనే అచ్చు వేయించుకున్నట్టున్నాడు, కాగితం కూడా నాసిరకం. సుజి తెరవలేదు. పద్ధతి ప్రకారం జరగాలంది. ఎస్. రాయవరం నుంచి వస్తున్న అయ్యప్ప అనే కొత్త స్టూడెంటును మూల మిషన్ దగ్గర కూర్చోబెట్టి, పుస్తకం చేతికిచ్చింది. స్టూలు వేసుకుని, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంది.

అయ్యప్ప చదువుతూ పోయాడు, రాస్తూ పోయాడు. ఆటో ఆగింది, ఆశీర్వాదం అయింది. ఎక్కడా సుజి నోరు విప్పాల్సిన పని పడలేదు. ఎక్సెప్షన్స్ అయ్యాక అతను పేజీ తిప్పాడు. అదే ఆఖరి పేజీ. అందులో రెండే వాక్యాలున్నాయి. అయ్యప్ప పైకి చదివాడు.

"ఇక్కడి నుంచి నాకు తెలియదు. అనకాపల్లిలో అడగండి."

చదివి, అటూ ఇటూ తిప్పి చూసి, సుజి వైపు తిరిగాడు. "అనకాపల్లిలో ఎవుల్ని అడగాలి మేడం?"

సుజి నోట్లో బెల్లం ఇంకా ఉంది. మాట్లాడకూడదు. కళ్ళు తుడుచుకుని, తన వైపు వేలు చూపించింది.

పుస్తకం పాసైంది. బాగుందని ఆ సాయంత్రమే త్రినాధరావుకు చెప్పింది. ఈసారి ఆ మాటలో ఆశ ఉన్నా, అబద్ధం లేదు. ఆయన ఆ సన్న పుస్తకాన్నే బ్యాచ్ మొత్తానికి తెప్పించాడు. రోనాల్డ్‌కు ఫోన్ చేసి రమ్మన్నాడు కూడా. "వీలు సూసుకుని వత్తానన్నాడమ్మా," అని వచ్చి చెప్పి, ఆమె మొహం వైపు చూడకుండా ఫ్యాను రెగ్యులేటరు తిప్పుతూ నిలబడ్డాడు.

అతను రాలేదు. మిగతావాళ్ళు వచ్చారు. ఆ పుస్తకం ఎక్కడెక్కడ అమ్ముడైందో గానీ, తుని నుంచి వచ్చారు, నర్సీపట్నం నుంచి వచ్చారు, ఒకతను సామర్లకోట నుంచి రైలు దిగి నేరుగా వచ్చాడు. అందరి చేతుల్లో అదే పుస్తకం, ఆఖరి పేజీ మడత. అనకాపల్లి అంతా అడిగీ అడిగీ ఆ మెట్లెక్కేవారు. మెట్ల మీద కొత్త చెప్పుల చప్పుడైతే సుజి తల ఎత్తి చూసేది. చూసి, రమ్మని, ఆ స్టూలు మీద కూర్చోబెట్టేది.

"చర్చిలో ఒక్కటే మైకు ఉంది, పాడేవాళ్ళు ఇద్దరున్నారు," అని మొదలుపెట్టేది. వాళ్ళలో ఎవరో ఒకరు, ఎవరూ పిలవకపోతే ఏమవుతుందని తప్పకుండా అడిగేవారు. ఆమె విసుక్కోకుండా చెప్పేది. అలా ఆ పాఠం అందరికీ చెప్పింది, అడగమని రాసినవాడు ఒక్కడికి తప్ప.